మూడో మనిషి గాలి

నమోదు 207

ఈ విడత భూమి నుంచి దిగినవాళ్లందరూ వాంతి చేసుకున్నారు, ఒక్క పెద్దావిడ తప్ప. ఆవిడ ఓడ మెట్లు దిగి, పైకి తేలిపోతున్న చీర కుచ్చిళ్లని రెండు చేతులా అదిమి పట్టుకుని చుట్టూ చూసింది.

"సందమావంటే ఇదేనా తల్లీ? దీనికన్నా మా ఊరి ఇసక దిబ్బ నయం," అంది.

దిగినవాళ్లని అందుకోవడం నా పని. మా హిమధార కంపెనీ చంద్రుడి మీద మంచు తవ్వి నీళ్లమ్ముకుంటుంది. తవ్వడానికి భూమి మీంచి ఉద్యోగులు వస్తారు. వాళ్లకి గది చూపించడం, నడక నేర్పడం, వచ్చిన కొత్తలో ఏడిస్తే ఓదార్చడం, వెళ్లేటప్పుడు ఏడిస్తే మళ్లీ ఓదార్చడం, ఇవన్నీ చేసేదాన్ని తరలింపు అధికారి అంటారు. నా పేరు సుభాషిణి. మా కాలనీ పేరు నెలవు. రాతి కింద తొలిచిన సొరంగాలకి అంత చక్కని పేరు పెట్టినవాడు ఇక్కడికి ఎన్నడూ రాలేదు.

అసలు నివేదిక రాసేది నేను కాదు, సహవాసి అనే యంత్రం. ఏ ఇల్లు ఎలా సర్దుకుందో అది గోడల్లోంచి కనిపెట్టి మార్కులేస్తుంది. మాటలు వినకూడదని చట్టం ఉంది గనక గొంతుల హెచ్చుతగ్గులు మాత్రం కొలుస్తుంది. మనిషి చేత కూడా నాలుగు ముక్కలు రాయించాలని ఇంకో చట్టం ఉంది. అందుకని నేనీ నమోదులు రాస్తాను. వీటిని ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను.

పెద్దావిడ పేరు సింహాచలమ్మ. కంపెనీ కొత్తగా పెట్టిన కుటుంబ సమైక్య పథకం కింద వచ్చిన మొదటి తల్లి. కొడుకు సన్యాసిరావు ఇక్కడ పైపులైన్ల ఇంజనీరు. పేరుకి సన్యాసే గానీ రెండు పెళ్లిళ్లు చేసుకున్నాడు. రెండో భార్య చారుమతిని వెంటబెట్టుకుని, తల్లి కోసం ప్లాస్టిక్ పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

సింహాచలమ్మ పూలగుత్తి అందుకుంది, కొడుకు తల నిమిరింది. నిమిరి, వెనక్కి తిరిగి, వాంతుల సంచీ పట్టుకుని కూలబడ్డ ఒక అమ్మాయి పక్కన కూర్చుని ఆమె వీపు రుద్దడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి హేమలత, మంచు కరిగించే ప్లాంటుకి కొత్త ఇంజనీరు.

"ఈ అమ్మాయి మీకేమవుతుందండీ?" అనడిగాను.

"కోడలు."

"మరి ఆవిడ?" చారుమతిని చూపించాను.

"ఆయమ్మా కోడలే."

సన్యాసిరావు గొంతు సవరించుకున్నాడు. "హేమలతతో నాకు విడాకులై నాలుగేళ్లయిందండీ. ఆవిడ అయిపోయిన కోడలు."

"అయిపోడానికి కోడలేటి, బియ్యమా?" అంది సింహాచలమ్మ.

నమోదు 208

గదులు ఇచ్చాను. సన్యాసిరావుకి ముగ్గురుండే పెద్ద గది, హేమలతకి ఒంటరి గది. ఇక్కడ గది అంటే గాలి. ప్రతి గదిలోనూ ఒక ఊపిరి యంత్రం ఉంటుంది. ఆ గదిలో ఎంతమంది ఉన్నారని రాసి ఉంటే అంతమందికి సరిపడా శుభ్రం చేస్తుంది, అంతే. తల్లి కొడుకు మనిషిగా వచ్చింది కనక ఆవిడ ఊపిరి కొడుకు గదిలోనే ఉంటుంది.

పొద్దున నడక తరగతి. భూమి మీద నడిచినట్టు నడిస్తే తల కప్పుకి తగులుతుంది. సింహాచలమ్మకి మూడుసార్లు తగిలింది. నాలుగోసారి కప్పునే తిట్టింది.

మధ్యాహ్నం వంటల తరగతి. ఇక్కడ పోపు పెడితే ఆవాలు గది ఆ చివరి దాకా ఎగురుతాయి. మూత లేకుండా పోపు పెట్టకూడదన్నాను. "మూతెట్టి పోపెడితే వాసన దేనికి?" అందావిడ. దీనికి జవాబు నా శిక్షణలో లేదు.

నమోదు 211

హేమలత గదిలో గాలి చెడిందని గంట మోగింది. వెళ్లాను. తలుపు తీసేసరికి పోపు వాసన, కప్పుకి అంటుకున్న ఆవాలు, ఒకే పరుపు మీద ఇద్దరాడవాళ్లు.

"నా చీర అలా మడత పెడతారా ఎవరైనా?" అంటోంది హేమలత.

"నీ అమ్మ నేర్పలేదు గావాల, నాను నేర్పుతన్నాను, ఊరుకో," అంటోంది సింహాచలమ్మ.



"మీరుండాల్సింది మీ అబ్బాయి గదిలో కదండీ," అన్నాను.

"మొదటి రోజునుంచీ ఇక్కడే పడుకుంటున్నారు," హేమలత తలొంచుకుని చెప్పింది. "వద్దన్నానండీ. వినరు."

విషయం ఇదీ. విడాకులప్పుడు సన్యాసిరావు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి వెళ్లలేదు, కోడలి దగ్గరే ఉండిపోయింది. హేమలతకి చంద్రుడి మీద ఉద్యోగం వచ్చాక ఆవిడని వెంట తెచ్చుకుందామంటే, మాజీ అత్త అనే చుట్టరికం కంపెనీ జాబితాలో లేదు. ఉద్యోగి తల్లి అయితే ఉంది. కాబట్టి సింహాచలమ్మ కొడుకుని అడిగింది. తల్లి వస్తే పెద్ద గది వస్తుంది గనక అతనూ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ గదిలో పరుపు వేయించాడు కూడా.

"గాలి చాలదమ్మా. ఒక్క మనిషి యంత్రం ఇది. తలనొప్పులొస్తాయి, ఇంకా పెద్దవీ వస్తాయి," అన్నాను.

"తలుపు కొంచెం తీసి పడుకుంటున్నాం."

రాతి గోడ పగిలితే గాలి పోకుండా ఆపేది ఆ తలుపే. అది తెరిచి పడుకోవడం ఇక్కడ నేరాల్లో కెల్లా పెద్ద నేరం. నేను పైవాళ్లకి తెలియజేయాలి. తెలియజేస్తే గదిలో దొంగతనంగా మనిషిని ఉంచుకున్నందుకు హేమలత ఉద్యోగం పోతుంది. సింహాచలమ్మ ఏ నేరమూ చెయ్యలేదు కనక ఇక్కడే, కొడుకు దగ్గరే ఉంటుంది. అంటే ఒకరు భూమ్మీద, ఒకరు చంద్రుడి మీద. దీన్ని కంపెనీ కుటుంబ సమైక్యం అంటుంది.

"రేపటినుంచీ మీ అబ్బాయి గదిలో పడుకోండి," అని చెప్పి వచ్చేశాను. ఆవిడ వినదని నాకు తెలుసు. నేను తెలియజేయననీ ఆవిడకి తెలిసిపోయినట్టుంది.

నమోదు 215

సహవాసి మార్కులొచ్చాయి. నెలవులో నూటికి నూరు తెచ్చుకున్న ఇల్లు ఒక్కటే: సన్యాసిరావుది. "అత్తాకోడళ్ల మధ్య ఒక్క కలహమూ నమోదు కాలేదు. అపూర్వమైన సామరస్యం" అని రాసింది. అత్త ఆ ఇంట్లో కాలు పెట్టలేదు, కలహం ఎక్కడినుంచి వస్తుంది? హెడ్డాఫీసు మురిసిపోయి, ఆదర్శ కుటుంబం అని ఫోటో అడిగింది. తీశారు. ఫోటో కోసం సింహాచలమ్మ ఆ గదికి వెళ్లి, మధ్యలో కూర్చుని, వెంటనే లేచొచ్చింది.

అట్టడుగున హేమలత. "ఒంటరి మహిళ. పొద్దుటా సాయంత్రమూ తీవ్రమైన వాగ్వాదం. గదిలో వేరెవరూ లేరు కనక తనతో తానే పోట్లాడుతున్నట్టు భావించాలి. ఆందోళన వల్ల ఇద్దరి ఊపిరి తీసుకుంటోంది. మానసిక స్థిరత్వం సందేహాస్పదం. వచ్చే ఓడలో తిప్పి పంపడం మేలు."

నవ్వుకుని పక్కన పెడదామనుకున్నాను. ఆ సాయంత్రం ప్లాంటులో హేమలత కళ్లు తిరిగి పడిపోయింది. పడింది వేడి నీళ్ల గొట్టం పక్కన. తోటివాళ్లు లాగకపోతే ముఖం కాలేది. డాక్టరు చూసి, చెడిన గాలిలో రోజుల తరబడి పడుకున్న మనిషి రక్తం ఇలా ఉంటుందన్నాడు. సహవాసి ఆ ముక్క పట్టుకుని తన సిఫార్సుని ఆజ్ఞగా మార్చింది.

ఆస్పత్రి మంచం పక్కన సింహాచలమ్మ కూర్చుని ఉంది.  నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుంది.

"నా వల్లేనామ్మా?"

కాదని అబద్ధమాడలేకపోయాను. "గాలి వల్లండీ," అన్నాను.

"నానెల్లిపోతాను. వాడి గదికే ఎల్లిపోతాను. దాన్ని పంపొద్దని సెప్పు."

"ఇప్పుడు మీరు వెళ్లినా పంపేస్తారండీ. ఆజ్ఞ వచ్చేసింది."

నమోదు 216

చారుమతి నా ఆఫీసుకొచ్చింది. ఆవిడ నెలవు తోటలో ఆకుకూరలు పండిస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. సవతి మీద ఫిర్యాదు చెయ్యడానికొచ్చిందనుకుని కుర్చీ చూపించాను.

"మేడమ్, మా గదిలో ముగ్గురి గాలి, ఇద్దరు మనుషులు, ఒక్కరి మాట," అంది. "ఆ మాట కూడా ఆయనదే. మీ యంత్రం దాన్ని సామరస్యం అంటోంది."

"మీకేం కావాలి?"

"నియమావళి చదివాను. తల్లి తన పిల్లల్లో ఎవరి గదిలోనైనా ఉండొచ్చని ఉంది. ఆవిడకి కొడుకు ఒక్కడే ఉన్నాడు. ఇంకొకరు ఉంటే?"

నాకు అర్థం కాలేదు.

"దత్తత తీసుకోమనండి. హేమలతని."

నేను నియమావళి తెరిచాను. దత్తతకి వయసు అడ్డు లేదు. చంద్రుడి మీద అనాథ పిల్లలుండరు గనక ఆ వాక్యం రాసినవాళ్లు దానిమీద పెద్దగా మనసు పెట్టలేదు. కావలసినవి మూడు: తల్లి ఇష్టం, బిడ్డ ఇష్టం, ఉన్న సంతానం అంగీకారం. నమోదు చేసే అధికారి: తరలింపు అధికారి. అంటే నేనే. మనిషి ఒంటరి కాకపోతే, గదిలో ఇద్దరుంటే, సహవాసి ఆజ్ఞకి ఆధారమే లేదు.

"ఇలా చేస్తే హేమలత మీకేమవుతుందో ఆలోచించారా?"

"ఆలోచించాను," అంది చారుమతి. మొదటిసారి నవ్వింది. "లోకంలో అందరికీ ఆడపడుచు సవతిలా తయారవుతుంది. నాకు సవతే ఆడపడుచవుతుంది. పరవాలేదు, నాకు ఆ ఇంట్లో మాట్లాడే మనిషి ఒకరు కావాలి."

నమోదు 217

హేమలత ససేమిరా అంది.

"ఆ మనిషితో ఏ చుట్టరికమూ వద్దనే కదండీ కోర్టుకెళ్లింది! ఇప్పుడు అన్నయ్యా అని పిలవాలా? నన్ను భూమికే పంపెయ్యండి."

ఆస్పత్రి మంచం మీదే ఉంది. సింహాచలమ్మ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని విన్నంతసేపు విని, "వాడు అన్నవుతాడని ఎందుకనుకుంటావే? నాను అమ్మనవుతానని అనుకో," అంది.

హేమలత గోడవైపు తిరిగిపోయింది. గోడవైపే చూస్తూ, "అమ్మా అని పిలవను. అలవాటు లేదు. అత్తా అనే అంటాను," అంది.

"అను. నాకేటి, నానూ నిన్ను గుంటా అనే పిలుస్తాను." వాళ్లవైపు గుంట అంటే ఆడపిల్ల.

"అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

పక్క మంచం మీద రోగి నర్సుని పిలిచి, వీళ్లని బయటికి పంపమన్నాడు.

నమోదు 219

తల్లీకొడుకులని నా ఆఫీసుకి పిలిచి చెప్పాను. సన్యాసిరావుకి కోపం వచ్చింది. వస్తుందని అనుకున్నదే.

"మొదటి పెళ్లాన్ని చెల్లెలంటే లోకం ఏమనుకుంటుందండీ?"

"ఏ లోకమండీ? ఇక్కడున్నది రెండొందల మందిమి."

"నా మార్కులు నూరున్నాయి. వచ్చే ఏడాది నన్ను పెద్ద హోదాకి పంపుతారని హెడ్డాఫీసు మాటిచ్చింది. అమ్మ వేరే గదికి వెళ్తే అదంతా పోతుంది." అప్పుడు తల్లి వైపు తిరిగాడు. గొంతు మారింది. "అమ్మా, నీకోసం పరుపు వేయించాను. గోడ మీది కిటికీ బొమ్మలో మన ఊరి సముద్రం పెట్టించాను. ఒక్కసారైనా పడుకున్నావా దానిమీద? ఆవిడ గదిలో నేలమీద పడుకుంటావు. నేనేం తక్కువ చేశాను?"

అది నిజమైన బాధ. నేను కాగితాలవైపు చూశాను.

"నీ పరుపు మెత్తగానే ఉందిరా," అంది సింహాచలమ్మ. "కానీ నువ్వు నాతో ఏటి మాటాడతావో సెప్పు. తిన్నావా, మందేసుకున్నావా. ఆ రెండు ముక్కలై గోడకేసి సూస్తావు. అదైతే పొద్దు లేవగానే తగువు మొదలెడతాది. ఉప్పెక్కువంటాది, సీర అలగెందుకు మడతెట్టినావంటాది. నానూరుకుంటానా? నాకింకా నోరుందని దాని దగ్గరే తెలుస్తాది."

"నాతోనూ తగువాడొచ్చుగా."

"నీకు రాదు నాయినా. మీ నాన్నకీ రాలేదు. మీకు కోపమొస్తే లేచి ఎల్లిపోతారు."

 సన్యాసిరావు లేచాడు. ముఖం కందిపోయింది. తలుపు దాకా వెళ్లాడు, చెయ్యి తలుపు మీద వేశాడు. అక్కడే నిలబడిపోయాడు. తానేం చేస్తున్నాడో అప్పుడు తెలిసినట్టుంది.

వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు ఒక్కసారైనా నన్ను ఆపావా?" అన్నాడు, గొంతు పెద్దది చేసి. "నాన్న వెళ్లిపోతుంటే ఆపావా? నేను వెళ్తుంటే ఆపావా? ఉప్పు గురించి అరుస్తావు, దీని గురించి ఒక్క మాటా అనవు!"

"ఆపితే ఆగుతావా నువ్వు?"

"ఆపి చూడాల్సింది!"

ఇద్దరూ అరుచుకున్నారు. పాత ఇల్లు, చచ్చిపోయిన తండ్రి, ఎవరో మేనమామ, పెళ్లిలో ఎవరికో పెట్టని చీర, అన్నీ వచ్చాయి. నేను బయటికి వెళ్లి సొరంగంలో నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి సింహాచలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. కొడుకు నీళ్లు తాగుతున్నాడు.

"ఎక్కడ వెయ్యాలి వేలిముద్ర?" అన్నాడు.

ఆ పూట సహవాసి నా ఆఫీసుకి మార్కులు తగ్గించింది. తీవ్ర కలహమట.

నమోదు 220

దత్తత నమోదు చేశాను. హేమలత గదిలో ఊపిరి యంత్రం ఇద్దరికి మారింది, తిప్పి పంపే ఆజ్ఞ ఆగింది. రద్దు కాలేదు, ఆగిందంతే. ముప్పై ఏళ్లు దాటిన కూతురు ఒక్కరోజులో పుట్టుకురావడం హెడ్డాఫీసుకి అనుమానం పుట్టించింది. చుట్టరికం నిజమా, నియమాలు తప్పించుకోవడానికి అల్లిందా అని పరిశీలించడానికి ఒకాయన భూమి నుంచి తెర మీద మాట్లాడతాడట. అబద్ధమని తేలితే ముగ్గురు ఉద్యోగులూ వెళ్లాలి. నేను నాలుగోదాన్ని. సన్యాసిరావుకి, చారుమతికి, హేమలతకి విడివిడిగా ఈ సంగతి చెప్పాను. ఎవరూ వెనక్కి తగ్గలేదు. చారుమతి మాత్రం, "కొత్త ఆడపడుచుకి ఏం పెట్టాలి? ఇక్కడ చీరలు దొరకవు కదా," అనడిగింది.

నమోదు 224

పరిశీలన అయింది.

అందరం హేమలత గదిలో, తెర ముందు కూర్చున్నాం. భూమి నుంచి మాట రావడానికి ఒక క్షణం, మన మాట చేరడానికి ఒక క్షణం పడుతుంది. అందువల్ల ఇక్కడ ఎవరేం చెప్పినా బాగా ఆలోచించి చెప్పినట్టు వినిపిస్తుంది. పరిశీలకుడు మర్యాదస్తుడు, నున్నగా దువ్విన తల, ముఖాన అలసట. మా ముందు ఎన్ని కుటుంబాలని చూశాడో.

సింహాచలమ్మని అడిగాడు: "ఈమెని ఎందుకు దత్తత తీసుకున్నారు?"

"నాది గనక."

ఆయన కాస్త ఎదురుచూశాడు, ఇంకేమైనా అంటుందేమోనని. 

చారుమతిని అడిగాడు: "మీ భర్త మాజీ భార్య మీకు ఆడపడుచు. మీకు అభ్యంతరం లేదా?"

"ఆవిడకే ఉండాలండీ. పండక్కి నేను పెట్టాలి, ఆవిడ వంక పెట్టాలి. ఆ కష్టం ఆవిడది."

సన్యాసిరావు వంతు. "హేమలత గారు ఇప్పుడు మీకేమవుతారు?"

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. భూమికి వెళ్లాల్సిన క్షణం అయిపోయింది, రావాల్సిన క్షణం కూడా అయిపోయింది. పరిశీలకుడు ఏదో రాసుకోవడం కనిపించింది. 

"అయ్యా, నేను పదేళ్లు ఆవిడకి మొగుడిగా ఉన్నాను," అన్నాడు చివరికి. "బాగా ఉండలేదు. అది అందరికీ తెలుసు. ఇప్పుడు మా అమ్మకి మందు మారిస్తే ఆవిడ నాకు కబురు చేస్తుంది, నేను మరిచిపోతే తిడుతుంది. మొన్న తిట్టింది కూడా. దాన్ని మీ జాబితాలో ఏమంటారో అదే."

ఒక క్షణం, ఇంకో క్షణం. పరిశీలకుడి పెదాలు కదిలాయి.

"నాకూ ఒకతె ఉందండీ, మా అక్క," అన్నాడు. ఆమోదం అని పలికి తెర ఆపేశాడు.

ఎవరూ వెంటనే లేవలేదు. పాసైన పిల్లల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చారుమతి తోటనుంచి తెచ్చిన గోంగూర కట్ట సింహాచలమ్మ ఒళ్లో పెట్టింది. ఆవిడ మూకుడు పొయ్యి మీద పెట్టి, మూత వెతకకుండానే ఆవాలు వేసింది. సన్యాసిరావు, పని ఉందంటూ, తలుపు దగ్గరికి నడిచాడు.

"అన్నయ్యా," అంది హేమలత, "అన్నం తిని వెళ్లు."

తెర ఆగిపోయింది. వినేవాళ్లెవరూ లేరు. పిలవాల్సిన అవసరం ఏమాత్రమూ లేదు. సన్యాసిరావు తలుపు దగ్గర వీపు మావైపు పెట్టి అలాగే నిలబడ్డాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

సింహాచలమ్మ గరిటె ఎత్తింది.

"పలకవేట్రా? సెల్లి పిలుస్తంది."